చెప్పే ముందు అడుగుదాం: పనిచేసే చోట కోచింగ్ నైపుణ్యాలు

'కోచింగ్' అనే మాట వినగానే మన ఊళ్లలో ఎవరికైనా ముందు గుర్తొచ్చేవి ఎంసెట్, నీట్, గ్రూప్స్, డీఎస్సీ కోచింగ్ సెంటర్లు. పెద్ద హాలు, మైకు, చేతికి మెటీరియల్, వారం వారం టెస్టు. అక్కడ చెప్పేవారు ఒకరు, రాసుకునేవారు వందమంది. ఈ వ్యాసంలో వివరించబోయే కోచింగ్ వేరు. ఇది ఇద్దరి మధ్య జరిగే మాట. ఇందులో ఎక్కువ మాట్లాడేది నేర్చుకునేవారు, ఎక్కువ వినేది నేర్పేవారు. ఆఫీసులో, దుకాణంలో, కార్ఖానాలో, ఆసుపత్రిలో, బడిలో ఎక్కడైనా సరే, ఒక మనిషి కింద ఇంకొక మనిషి పనిచేస్తున్న ప్రతిచోటా ఇది ఉపయోగపడుతుంది.

ఈ మాట పుట్టుక కూడా ఆసక్తికరమైనదే. హంగేరీ దేశంలో 'కోచ్' అని ఒక గ్రామం ఉంది. అక్కడ తయారైన గుర్రపు బండికి ఆ ఊరి పేరే వచ్చింది. ఆ బండి పేరు యూరప్ అంతా పాకి ఇంగ్లీషులోకి చేరింది. 19వ శతాబ్దంలో ఆక్స్‌ఫర్డ్ విద్యార్థులు తమను పరీక్ష గట్టెక్కించే ట్యూటరును సరదాగా 'కోచ్' అనడం మొదలుపెట్టారు. తరువాత అది ఆటలు నేర్పేవారికి, ఈ మధ్య కాలంలో ఉద్యోగాల లోకానికి వచ్చింది. బండి పని ప్రయాణికుడిని అతడు వెళ్లదలచిన చోటుకు చేర్చడం. ఆ అర్థం గుర్తు పెట్టుకుంటే మిగతా విషయం సులువుగా తెలుస్తుంది.

మనకు దీని అవసరం ఏమిటి?

మన కుటుంబాల్లో చాలామంది బతుకుతెరువు రెండు రకాల పనిచోట్లతో ముడిపడి ఉంది. మొదటిది ఉస్తాద్, షాగిర్ద్‌ల పద్ధతి నడిచే చోటు: మెకానిక్ షెడ్డు, టైలరింగ్ షాపు, వెల్డింగ్, ఏసీ రిపేరు, బేకరీ, ఫర్నిచర్ పాలిష్. రెండవది ఈ తరానికి కొత్తగా తెరుచుకున్న చోటు: బ్యాంకు, సాఫ్ట్‌వేర్ కంపెనీ, కార్పొరేట్ ఆసుపత్రి, ప్రైవేటు పాఠశాల, పెద్ద షోరూము. ఇంట్లో అంతకుముందు ఎవరూ ఆఫీసు మెట్లు ఎక్కని కుటుంబాల పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, ఇప్పుడు అక్కడ పనిచేస్తున్నారు.

మొదటి చోట ఉస్తాద్ చేతిలో విద్య ఉంటుంది. కుర్రాడు పానాలు అందిస్తూ, చూస్తూ, తిట్లు తింటూ ఏళ్ల తరబడి గడుపుతాడు. చూసి నేర్చుకున్నది కొంత, నేర్చుకోనిది చాలా. రెండవ చోట మేనేజరు చెబుతాడు, కింది ఉద్యోగి 'సరే సార్' అంటాడు. అర్థం కాకపోయినా అదే మాట. చూడడానికి ఈ రెండు చోట్లూ వేరు. నష్టం మాత్రం ఒకటే. పై మనిషి రాని రోజు పని ఆగిపోతుంది. ఉస్తాద్ జబ్బుపడితే షెడ్డు మూతపడుతుంది. మేనేజరు సెలవు పెడితే ఫైలు కదలదు. ఇరవై ఏళ్లు కష్టపడి సంపాదించిన పనితనం ఆ మనిషితోనే ముగిసిపోతుంది. కుర్రాడు తన సొంత షాపు పెట్టుకునే ధైర్యం లేక అక్కడే చోటూగా మిగిలిపోతాడు. కోచింగ్ నైపుణ్యాలు అవసరమయ్యేది ఇక్కడే.

ఈ ఆలోచన ఎక్కడిది?

1974లో అమెరికాలో తిమోతి గాల్వే అనే టెన్నిస్ శిక్షకుడు 'ది ఇన్నర్ గేమ్ ఆఫ్ టెన్నిస్' అనే పుస్తకం రాశారు. నేర్చుకునేవారికి 'చెయ్యి ఇలా పెట్టు, కాలు అలా పెట్టు' అని వరుసగా ఆదేశాలు ఇస్తే వారు బిగుసుకుపోతున్నారని ఆయన గమనించారు. అందుకని ఒక చిన్న పని చెప్పేవారు: బంతి నేలను తాకినప్పుడు 'బౌన్స్' అనండి, బ్యాటును తాకినప్పుడు 'హిట్' అనండి, అంతే. ఆ రెండు మాటలు సరిగ్గా అనాలంటే బంతిని చూడక తప్పదు. 'బంతిని చూడు' అని వందసార్లు అరిచినా రాని శ్రద్ధ ఈ విధంగా దానంతట అదే వచ్చేది.

ఈ పద్ధతిని ఉద్యోగాల రంగంలోకి తెచ్చినవారిలో ముఖ్యుడు బ్రిటన్‌కు చెందిన జాన్ విట్‌మోర్. ఆయన మొదట కార్ల రేసుల్లో డ్రైవరు. 1992లో 'కోచింగ్ ఫర్ పర్ఫార్మెన్స్' అనే పుస్తకం ప్రచురించారు. కోచింగ్ సంభాషణకు నాలుగు మెట్ల 'గ్రో' పద్ధతి ఈ పుస్తకం ద్వారానే ప్రపంచమంతా తెలిసింది. దాని గురించి ముందు చూద్దాం.

పెద్ద సంస్థలు కూడా దీనిని అనుభవంతో తెలుసుకున్నాయి. గూగుల్ సంస్థ 2008 ప్రాంతంలో మంచి మేనేజరు లక్షణాలేమిటని తన సొంత రికార్డులనే తవ్వి చూసింది. ఎనిమిది లక్షణాలు తేలాయి. మొదటి స్థానంలో ఉన్నది 'మంచి కోచ్‌గా ఉండటం'. సాంకేతిక పరిజ్ఞానం జాబితాలో చివరన, ఎనిమిదవ స్థానంలో నిలిచింది. ఇంజనీర్ల సంస్థలోనే ఇలా తేలడం ఆలోచించదగ్గ విషయం. అలాగే మన హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన సత్య నాదెళ్ల 2014లో మైక్రోసాఫ్ట్ పగ్గాలు చేపట్టాక, మేనేజర్ల బాధ్యతలను మూడు మాటల్లో చెప్పే విధానం ఆ సంస్థలో వచ్చింది: ఆదర్శంగా నిలవడం, కోచింగ్ ఇవ్వడం, బాగోగులు పట్టించుకోవడం.

చెప్పడం వేరు, కోచింగ్ వేరు

పనిచోట పెద్దవారు చిన్నవారికి చేసే సాయం మూడు రకాలు. మొదటిది శిక్షణ: తెలియనిది చూపించి నేర్పడం. రెండవది పెద్దరికపు సలహా, అంటే మెంటరింగ్: నా అనుభవంలో ఇలా జరిగింది, నువ్వు ఇలా వెళ్తే మంచిది అని చెప్పడం. మూడవది కోచింగ్: ఎదుటివారికి కొంత తెలుసు, ఆ తెలిసినదాన్ని వారే బయటికి తీసి, వారే దారి వెతుక్కునేలా ప్రశ్నలతో సాయపడటం. మూడూ మంచివే. ఏది ఎప్పుడు అన్నదే వివేకం. మన అలవాటు మొదటి రెండింటి దగ్గరే ఆగిపోతోంది.

ఒక ఉదాహరణ అనుకుందాం. మెకానిక్ షెడ్డులో రెండేళ్లుగా పనిచేస్తున్న కుర్రాడు వచ్చి 'ఉస్తాద్, ఈ పాత బండి స్టార్ట్ కావడం లేదు' అన్నాడు. మామూలుగా అయితే ఉస్తాద్ 'లే పక్కకు' అని తానే కూర్చుని రెండు నిమిషాల్లో బాగు చేస్తాడు. బండి కదులుతుంది, కుర్రాడు కదలడు. అదే మాట ఇలా సాగిందనుకోండి:

'ఇప్పటిదాకా ఏమేం చూశావు బేటా?'
'పెట్రోలు ఉంది ఉస్తాద్.'
'ఇంజను నడవాలంటే దానికి ఏమేం అందాలి?'
'పెట్రోలు, గాలి, స్పార్కు.'
'ట్యాంకులో ఉన్న పెట్రోలు కిందిదాకా వస్తోందని ఎలా తెలుసు?'
'అది చూడలేదు.'
'స్పార్కు?'
'అదీ చూడలేదు. ప్లగ్గు విప్పి చూస్తా. ముందు పైపు తీసి పెట్రోలు వస్తోందో లేదో చూస్తా.'
'చూసి వచ్చి చెప్పు.'

ఇందులో ఉస్తాద్ ఒక్క జవాబూ ఇవ్వలేదు. కుర్రాడికి పెట్రోలు, గాలి, స్పార్కు అనే మూడూ ముందే తెలుసు. ఆ మూడింటినీ వరుసలో పెట్టి వెతకడం తెలియదు. ఈ రోజు ఆ వరుస దొరికింది. రేపు ఇంకో బండి వస్తే ఇదే వరుస తనంతట తానే పట్టుకుంటాడు. ఈ రోజు పట్టిన పది నిమిషాలు వచ్చే పదేళ్లకు పెట్టుబడి.

ఐదు నైపుణ్యాలు

ఒకటి, వినడం. ఎదుటివారు మాట్లాడుతుండగా మనసులో జవాబు తయారు చేసుకోవడం వినడం అనిపించుకోదు. ఫోను బోర్లా పెట్టి, ముఖం చూస్తూ, వారు ముగించేదాకా ఆగాలి. విన్న తరువాత 'అంటే నీ ఇబ్బంది కస్టమరు గురించి కాదు, బిల్లింగు మిషను గురించి, అంతేనా?' అని మన మాటల్లో తిరిగి చెప్పి చూడాలి. 'అవును' అంటే సరిగ్గా విన్నట్టు. 'కాదు సార్' అంటే ఇంకా మంచిది, అసలు సంగతి అప్పుడు బయటపడుతుంది.

రెండు, అడగడం. అవును, కాదు అనే జవాబుతో తేలిపోయే ప్రశ్నలు ఆలోచన పుట్టించవు. 'ఏమిటి, ఎలా, ఎప్పుడు, ఎంత' అనే మాటలున్న ప్రశ్నలు పుట్టిస్తాయి. 'ఎందుకు' అనే మాటను కాస్త జాగ్రత్తగా వాడాలి. మన తెలుగులో 'ఎందుకు చేశావ్?' అంటే సగంసార్లు అది ప్రశ్న కాదు, నింద. వెంటనే ఎదుటివారు సాకు వెతుక్కుంటారు. 'ఆ సమయంలో ఏం ఆలోచించి అలా చేశావు?' అంటే కారణం చెబుతారు. అలాగే 'అర్థమైందా?' అనేది మనం అత్యధికంగా వాడే పనికిరాని ప్రశ్న. దానికి జవాబు ఎప్పుడూ 'అయింది సార్' అనే ఉంటుంది. ఆసుపత్రుల్లో ఇందుకు ఒక మంచి పద్ధతి ఉంది. మందు ఎలా వాడాలో చెప్పాక రోగి చేతనే తిరిగి చెప్పిస్తారు. 'ఇంటికి వెళ్లాక ఈ మాత్ర ఎప్పుడెప్పుడు వేసుకుంటారో నాకొకసారి చెప్పండమ్మా' అంటారు. పనిచోట కూడా 'ఇప్పుడు ముందుగా ఏం చేస్తావో చెప్పు' అంటే చాలు, ఎంత అర్థమైందో తెలిసిపోతుంది.

మూడు, ఆగడం. బడిలో పనిచేసేవారికి ఈ విషయంలో ఒక గొప్ప పాఠం ఉంది. మేరీ బడ్ రో అనే అమెరికన్ విద్యా పరిశోధకురాలు 1970లలో తరగతి గదుల్లో రికార్డు చేసిన సంభాషణలను పరిశీలించారు. ఉపాధ్యాయులు ప్రశ్న అడిగాక జవాబు కోసం సగటున 1 సెకను మించి ఆగడం లేదని తేలింది. అదే 3 సెకన్లు లేదా అంతకు మించి ఆగినప్పుడు పిల్లల జవాబులు పొడవుగా వచ్చాయి, 'తెలియదు' అనేవారు తగ్గారు, పిల్లలే ఎదురు ప్రశ్నలు వేయడం పెరిగింది. పిల్లల విషయంలో నిజమైనది పెద్దల విషయంలో మరింత నిజం. పై అధికారి ముందు నోరు తెరవడానికి పెద్దవారికి ఇంకా ఎక్కువ సమయం కావాలి. అడిగి, మనసులో ఐదు లెక్కపెట్టుకోండి. ఆ నిశ్శబ్దం మనకు ఇబ్బందిగా ఉంటుంది. ఎదుటివారికి అది ఆలోచించే సమయం. జవాబు వచ్చాక కూడా వెంటనే తీర్పు చెప్పకుండా 'ఇంకా?' అని ఒక్కమాట అనండి. తరచుగా అసలైన మాట రెండవసారో మూడవసారో వస్తుంది.

నాలుగు, చూసింది చూసినట్టు చెప్పడం. దీన్నే ఫీడ్‌బ్యాక్ అంటున్నాం. ఫీడ్‌బ్యాక్ ఇస్తే ఎప్పుడూ మేలే జరుగుతుందని అనుకుంటాం. 1996లో క్లూగర్, డెనిసి అనే ఇద్దరు పరిశోధకులు అంతకుముందు జరిగిన అధ్యయనాలన్నీ కలిపి చూశారు. మూడింట ఒక వంతుకు పైగా సందర్భాల్లో ఫీడ్‌బ్యాక్ తరువాత పని మెరుగుపడకపోగా తగ్గింది. మాట పని మీద నుంచి మనిషి మీదికి మళ్లే కొద్దీ దాని ఉపయోగం తగ్గుతుందని వారు వివరించారు. 'నీకు శ్రద్ధ లేదు' అనేది మనిషి మీద మాట. 'ఈ చొక్కాకు కుడి భుజం దగ్గర ముడత వస్తోంది, ఎడమ వైపు రాలేదు. తేడా ఎక్కడుందంటావు?' అనేది పని మీద మాట. మొదటి మాటకు తల వంగుతుంది. రెండవ మాటకు కళ్లు చొక్కా వైపు తిరుగుతాయి. మెచ్చుకోలుకు కూడా ఇదే సూత్రం. 'శభాష్' అని వదిలేయకుండా 'కోపంగా వచ్చిన కస్టమరును ముందు కూర్చోబెట్టి తరువాత బిల్లు అడిగావు, అది పనిచేసింది' అంటే ఏం చేయడం మంచిదో తెలుస్తుంది.

ఐదు, తరువాతి అడుగు ఖాయం చేయడం. మంచి మాటలు మాట్లాడుకుని లేచిపోతే అది కాలక్షేపం. 'ఏం చేస్తావు? ఎప్పటిలోగా? నా వైపు నుంచి ఏం కావాలి? మళ్లీ ఎప్పుడు కూర్చుందాం?' ఈ నాలుగింటికీ జవాబు వచ్చాకే సంభాషణ ముగియాలి.

నాలుగు మెట్ల 'గ్రో' పద్ధతి

పైన పేర్కొన్న నైపుణ్యాలను ఒక వరుసలో నడిపించే పద్ధతే 'గ్రో'. ఇంగ్లీషులో గోల్, రియాలిటీ, ఆప్షన్స్, విల్ అనే నాలుగు మాటల మొదటి అక్షరాలు కలిస్తే ఆ పేరు వచ్చింది. తెలుగులో గమ్యం, వాస్తవం, దారులు, నిర్ణయం అనుకోవచ్చు.

ఒక ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి నెలవారీ స్టాకు రిపోర్టు తయారు చేయాలనుకుందాం. రిపోర్టు ప్రతి నెల 5వ తేదీకి హెడ్డాఫీసుకు చేరాలి. రెండు నెలలుగా 9వ తేదీకి వెళ్తోంది. 'ఇంకోసారి ఇలా అయితే మెమో ఇస్తాను' అనడం ఒక దారి. 'గ్రో' దారి ఇలా ఉంటుంది.

గమ్యం: 'వచ్చే నెల రిపోర్టు ఎలా వెళ్తే నీకు తృప్తిగా ఉంటుందమ్మా?' 'ఐదో తారీఖు పొద్దున్నే వెళ్లిపోవాలి సార్, తప్పులు లేకుండా.'

వాస్తవం: 'ఇప్పుడు ఏం జరుగుతోంది? ఒకటో తారీఖు నుంచి వరుసగా చెప్పు.' 'మూడు గోడౌన్ల నుంచి లెక్కలు రావాలి సార్. రెండు గోడౌన్లవి రెండో తారీఖుకే వస్తాయి. మూడోది ఏడుకు గానీ రాదు. వచ్చాక సరిచూడటానికి రెండు రోజులు పడుతుంది.' మేనేజరుకు అసలు సంగతి ఇక్కడ తెలుస్తుంది. ఆలస్యానికి మూలం ఈ అమ్మాయి బల్ల మీద లేదు, మూడవ గోడౌనులో ఉంది. మెమో ఇచ్చి ఉంటే ఆ సంగతి బయటికి వచ్చేదే కాదు.

దారులు: 'ఏమేం చేయొచ్చు?' 'నేనే ఫోను చేసి అడగొచ్చు.' 'ఇంకా?' 'ఒకసారి వెళ్లి అక్కడివాళ్లు లెక్క ఎలా రాస్తున్నారో చూడొచ్చు. మిగతా రెండు గోడౌన్ల లెక్కలు వచ్చిన రోజే సరిచూసి పెట్టుకోవచ్చు.' 'ఇంకా?' 'అందరికీ ఒకే ఫారం ఇస్తే తప్పులు తగ్గుతాయి సార్.'

నిర్ణయం: 'వీటిలో ఏది ముందు?' 'ఈ నెల 28న గోడౌనుకు వెళ్లి చూస్తాను. ఫారం కూడా అప్పుడే ఇస్తాను.' 'నేనేం చేయాలి?' 'నేను వస్తున్నానని అక్కడి ఇన్‌చార్జికి మీరు ఒకమాట చెబితే చాలు.' 'సరే. 29న పది నిమిషాలు కూర్చుందాం.'

మొత్తం సంభాషణకు పావుగంట పట్టదు. ఆ అమ్మాయి బయటికి వెళ్లేటప్పుడు ఆమె చేతిలో ఉన్నది తాను వేసుకున్న పథకం. తాను అన్న మాటకు మనిషి కట్టుబడినంతగా ఎదుటివారు ఆదేశించిన మాటకు కట్టుబడటం కష్టం.

బి.ఇడి. చదివినవారికి ఈ వరుస కొత్తగా అనిపించదు. 1960లలో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో పుట్టిన మైక్రో టీచింగ్ మన దేశంలో 36 నిమిషాల చక్రంగా అమలవుతోంది: 6 నిమిషాలు బోధన, 6 నిమిషాలు ఫీడ్‌బ్యాక్, 12 నిమిషాలు మళ్లీ ప్రణాళిక, 6 నిమిషాలు మళ్లీ బోధన, 6 నిమిషాలు మళ్లీ ఫీడ్‌బ్యాక్. అన్నిటికంటే ఎక్కువ సమయం దేనికి కేటాయించారో గమనించండి. నేర్చుకునేవారు తమ పనిని తామే తిరిగి ఆలోచించుకోవడానికి. ఏ పనిచోటైనా ఈ 12 నిమిషాలనే మనం మింగేస్తున్నాం.

ఎప్పుడు అడగకూడదు?

ప్రతి చోటా ప్రశ్నలే వేయాలనుకోవడం పొరపాటు. ప్రమాదం ఎదురుగా ఉన్నప్పుడు ఆదేశమే సరైనది. కరెంటు తీగ మీద చెయ్యి వేయబోతున్నవాడిని 'నీ దగ్గర ఏయే దారులున్నాయి?' అని అడగరు, 'ఆగు' అని అరుస్తారు. పనిలో మొదటి రోజున్నవారికి చూపించి నేర్పాలి. ఏమీ తెలియనివారిని ప్రశ్నలు వేస్తే అది వేధింపు అవుతుంది. డబ్బు లెక్కలు, భద్రతా నియమాలు, చట్టం వంటి విషయాల్లో నియమం ఏమిటో స్పష్టంగా చెప్పాలి. నిజాయతీ తప్పిన ప్రవర్తనకు చర్య అవసరం. ఇంట్లో మరణమో, తీవ్రమైన అనారోగ్యమో, మనసు కుంగిపోవడమో ఉన్నవారికి సెలవు, ఓదార్పు, అవసరమైతే డాక్టరు సాయం కావాలి.

ఇంకొక హెచ్చరిక. జవాబు ముందే నిర్ణయించుకుని, ఎదుటివారు ఆ జవాబు పలికేదాకా ప్రశ్నలు వేయడం కోచింగ్ కాదు. అది ఆదేశమే, వేషం మార్చుకుని వచ్చింది. కింది ఉద్యోగులు దీన్ని వెంటనే పసిగడతారు. నిర్ణయం అయిపోయి ఉంటే 'ఇది నిర్ణయమైపోయింది, ఎలా అమలు చేయాలో మాట్లాడుకుందాం' అని చెప్పడమే మర్యాద.

మన దగ్గర ఎదురయ్యే ఇబ్బందులు

పెద్దలకు ఎదురు చెప్పకూడదన్నది మన పెంపకం. అందువల్ల యజమాని 'నువ్వేమంటావు?' అని అడిగితే కింది మనిషి కంగారు పడతాడు. ఇది పరీక్షేమోనని ఒకరికి, తనను తప్పు పడుతున్నారేమోనని ఇంకొకరికి అనుమానం. అందుకని ముందే చెప్పాలి: 'నాకు తోచింది నేను తరువాత చెబుతాను. ముందు నీ ఆలోచన వినాలనుంది. తప్పయినా పరవాలేదు.' తరువాత ఆ మాట నిలబెట్టుకోవాలి. తప్పు జవాబుకు ఒక్కసారి నవ్వినా, నలుగురి ముందు కోప్పడినా మళ్లీ ఆ నోరు తెరుచుకోదు. ఇలాంటి మాటలు కస్టమర్ల ముందు కాకుండా పక్కకు పిలిచి మాట్లాడాలి.

భాష సంగతి కూడా ఉంది. ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు, ఆఫీసులో ఇంగ్లీషు మాట్లాడే పిల్లలు మన దగ్గర ఎందరో ఉన్నారు. ఆలోచన ఒక భాషలో పుడుతుంది, దాన్ని మరో భాషలో చెప్పలేక ఆగిపోతుంది. 'ఏ భాషలో వీలైతే ఆ భాషలో చెప్పు' అన్న ఒక్క మాటతో తెలివితక్కువవాడనుకున్నవాడు తెలివైనవాడిగా కనిపించడం ఉపాధ్యాయులందరికీ తెలిసిన సంగతే.

'ఇలా అడుగుతూ కూర్చుంటే పని ఎప్పుడవుతుంది?' అన్నది అందరూ వేసే ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే. దానికి ఒక చిన్న లెక్క ఉంది. ఒక వారం పాటు జేబులో చిన్న పుస్తకం పెట్టుకోండి. మీ దగ్గరికి ఎవరు ఏ ప్రశ్నతో వచ్చారో రాయండి. శనివారం తీసి చూడండి. ఒకే ప్రశ్న ఎన్నిసార్లు వచ్చిందో లెక్కించండి. సమయం ఎక్కడ పోతోందో ఆ పుస్తకమే చెబుతుంది.

నేర్చుకునేవారి బాధ్యత

కోచింగ్ పైనుంచి కిందికి మాత్రమే సాగనవసరం లేదు. ఉద్యోగంలో కొత్తగా చేరిన యువతీయువకులు దీన్ని తామే మొదలుపెట్టవచ్చు. పై అధికారి దగ్గరికి ఒట్టి సమస్యతో వెళ్లకుండా, సమస్యతో పాటు తమకు తోచిన రెండు దారులు కూడా తీసుకువెళ్లాలి. 'సార్, ఇలా చేయవచ్చు, అలా చేయవచ్చు. నాకు మొదటిది మేలనిపిస్తోంది. మీరేమంటారు?' అంటే కోపిష్టి అధికారి కూడా కూర్చోమంటాడు. పని ముగిశాక 'ఏం బాగుంది, ఏం మార్చుకోవాలి?' అని అడిగి తెలుసుకోవాలి.

అనుభవం ఉన్నవారికి ఇక కోచ్ అవసరం లేదనుకోకూడదు. అమెరికాలో పేరున్న సర్జన్, రచయిత, భారత సంతతికి చెందిన అతుల్ గవాండే 2011లో 'న్యూయార్కర్' పత్రికలో ఒక వ్యాసం రాశారు. ఎన్నో ఏళ్ల అనుభవం ఉన్న తాను, రిటైరైన తన గురువు డాక్టర్ రాబర్ట్ ఆస్టీన్‌ను ఆపరేషన్ థియేటర్‌కు పిలిచి తన పనిని గమనించమని కోరానని అందులో వివరించారు. ఆపరేషన్ జరుగుతుండగా లైటు కోయవలసిన చోటు నుంచి పక్కకు జరిగిందని, ఆయన మోచెయ్యి మాటిమాటికీ పైకి లేస్తోందని గురువు గమనించి చెప్పారు. పనిలో మునిగినవారికి తమ మోచెయ్యి తమకు కనిపించదు. అందుకే ఎంత పెద్ద ఉస్తాద్‌కైనా చూసి చెప్పే మరో జత కళ్లు కావాలి.

ఎక్కడ మొదలుపెట్టాలి?

అన్నీ ఒకేసారి ఆచరించాలనుకుంటే ఏదీ నిలవదు. మీ కింద పనిచేసేవారిలో ఒక్కరిని ఎంచుకోండి. రోజుకు ఒక్కసారి, వారు ప్రశ్నతో వచ్చినప్పుడు జవాబు చెప్పే ముందు 'నీకేమనిపిస్తోంది?' అని అడిగి ఐదు లెక్కపెట్టండి. మొదటి వారం వారు ఇబ్బందిపడతారు, మీరూ పడతారు. మానకండి. దీనికి సర్టిఫికెట్టు, ఫీజు, ప్రొజెక్టరు ఏవీ అక్కర్లేదు.

ఫలితం వచ్చిందా లేదా అన్నది తెలుసుకోవడానికి ఒకే గుర్తు చాలు. వారు మీ దగ్గరికి తెచ్చే మాట మారుతుంది. మొదట్లో 'ఏం చేయాలి సార్?' అని వస్తారు. కొన్నాళ్లకు 'ఇలా చేద్దామనుకుంటున్నాను సార్' అని వస్తారు. ఆ తరువాత ఒకరోజు 'నిన్న ఇలా అయింది సార్, ఇలా చేశాను, సరిపోయింది' అని చెప్పి వెళ్లిపోతారు. ఆ రోజు నుంచి మీరు ఒక పూట సెలవు పెట్టినా షట్టరు తెరిచే ఉంటుంది.